ఒక మిల్లు లెవీ: మా ఊరి లైబ్రరీ పన్ను ఓటింగ్‌లో నా అనుభవం

"వన్ మిల్ లెవీ" అనే మాట చెవిన పడగానే మా నాన్న, "ఇక్కడ కూడా రైస్ మిల్లుల దగ్గర లెవీ బియ్యం తీసుకుంటారా?" అన్నారు. ఆయన తరం వాళ్లకి మిల్లు, లెవీ పక్కపక్కన వినపడితే గుర్తొచ్చేది అదే. 2025 జూన్ నుంచి డిసెంబరు దాకా మా ఇంట్లో రోజుకి పదిసార్లు వినపడింది ఆ మాట.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ పక్కన ఒక శివారు ఊరు మాది. మా లైబ్రరీకి 'ఒక మిల్లు' రేటున కొత్త పన్ను (ఇక్కడ దాన్నే లెవీ అంటారు) వేయాలా వద్దా అని 2025 నవంబరు 4న ఓటింగ్ జరిగింది. పన్ను కావాలని ఇల్లిల్లూ తిరిగిన కమిటీకి నేను ట్రెజరర్‌ని. ఎలా అయ్యానో, ఏం జరిగిందో వరసగా చెబుతాను. ఊరి పేరు మాత్రం రాయను. రాస్తే పక్కింటి పెద్దాయన ఎవరో తెలిసిపోతుంది, ఆయనతో నాకు గొడవ లేదు.

2012లో హెచ్-4 మీద, అంటే ఉద్యోగి భార్యకిచ్చే వీసా మీద వచ్చాను. మూడేళ్లు ఉద్యోగం చేసే వీల్లేదు, కారు నడపడం రాదు. ఇంటి నుంచి ఇరవై నిమిషాలు నడిస్తే లైబ్రరీ. చంటిదాన్ని తోపుడుబండిలో వేసుకుని స్టోరీ టైమ్‌కి వెళ్లేదాన్ని. నిజం చెప్పాలంటే పిల్ల కోసం కాదు, నాతో ఒక మనిషి మాట్లాడతారని. కాబట్టి 2025 మార్చిలో సిటిజన్‌షిప్ ప్రమాణం అయిన రోజునే ఓటరు ఫారం నింపి, జూన్‌లో లైబ్రరీలో లెవీ మీటింగ్ అని బోర్డు చూసి లోపలికి వెళ్లానంటే ఆశ్చర్యం లేదు.

మీటింగ్‌లో పదకొండు మందిమి. లైబ్రరీ డైరెక్టర్ వచ్చి లెక్కలు చూపించి, "ఇక నేను ఉండకూడదు" అని లేచి వెళ్లిపోయారు. నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, లెవీకి ఓటెయ్యమని అడగడానికి లైబ్రరీ తన డబ్బు ఒక్క సెంటు కూడా ఖర్చు పెట్టకూడదు, సిబ్బంది పని వేళల్లో ప్రచారం చేయకూడదు. సమాచారం చెప్పొచ్చు, ఓటు అడగకూడదు. అడగాలంటే ఊరివాళ్లు వేరే కమిటీ పెట్టుకోవాలి, దానికి ఒక ట్రెజరర్ పేరు కౌంటీ ఎలక్షన్ బోర్డుకి రాసివ్వాలి. ట్రెజరర్ లేకుండా చందా తీసుకోకూడదు, పైసా ఖర్చు పెట్టకూడదు. "ఎవరికైనా అకౌంట్స్ వచ్చా?" అని అడిగారు. నేను బీకాం అని నోరు జారాను. అంతే.

ఫారం నింపడం పది నిమిషాల పని. ట్యాక్స్ నంబరు ఆన్‌లైన్‌లో అప్పటికప్పుడే వచ్చింది. బ్యాంకు అకౌంటు దగ్గర మాత్రం చుక్కలు కనిపించాయి. పొలిటికల్ కమిటీ అన్న మాట వినగానే మొదటి బ్యాంకు వాళ్లు మేము తెరవం అన్నారు. రెండో చోట మేనేజర్ సెలవులో ఉన్నాడని రెండు వారాలు తిప్పి, చివరికి వాళ్లూ అదే మాట అన్నారు. మూడోది చిన్న క్రెడిట్ యూనియన్, వాళ్లు తెరిచారు. జూన్ 24న మొదలెడితే చెక్‌బుక్ చేతికొచ్చేసరికి జూలై 18. ఇలాంటి పని నెత్తినేసుకునే వాళ్లెవరైనా ముందు బ్యాంకు సంగతి చూసుకోండి.

ఇంతలో అసలు పని వేరే గదుల్లో జరుగుతోంది. లైబ్రరీ తనంతట తాను పన్నుని బ్యాలెట్ మీద పెట్టలేదు. మాది స్కూల్ డిస్ట్రిక్ట్ పరిధి లైబ్రరీ కాబట్టి, లైబ్రరీ ట్రస్టీలు తీర్మానం చేసి పంపితే స్కూల్ బోర్డు దాన్ని ఎలక్షన్‌కి పంపాలి. మధ్యలో ఇళ్లకి విలువ కట్టే కౌంటీ ఆడిటర్ ఇన్ని మిల్లులకి ఇంత వసూలవుతుందని లెక్క కట్టి సర్టిఫై చేయాలి. ఎలక్షన్‌కి 90 రోజుల ముందు, అంటే ఆగస్టు 6 లోపు కాగితాలన్నీ ఎలక్షన్ బోర్డు చేతిలో ఉండాలి. మావి ఆగస్టు 4న చేరాయి. స్కూల్ బోర్డు పేరు కాగితాల మీద ఉండేసరికి ఊళ్లో సగం మంది ఇది స్కూలు పన్ను అనుకున్నారు. నవంబరు దాకా ఆ అపోహ పోలేదు.

మిల్లు అంటే డాలరులో వెయ్యో వంతు. ఒహాయోలో ఇంటి విలువ మొత్తానికి పన్ను వేయరు, అందులో 35 శాతానికే. మా ఇల్లు ఆడిటర్ పుస్తకాల్లో 4,50,000 డాలర్లు. దాంట్లో 35 శాతం 1,57,500. వెయ్యికి డాలరు చొప్పున ఏడాదికి 157 డాలర్ల 50 సెంట్లు. సులువుగా చెప్పాలంటే లక్ష డాలర్ల ఇంటికి 35 డాలర్లు. ఇప్పుడు బ్యాలెట్ మీద కూడా అలాగే ముద్రిస్తారు, లక్ష డాలర్ల విలువకి ఇంత అని. అయిదేళ్ల పన్ను, ఆ తర్వాత మళ్లీ ఓటు.

నాన్నకి ఇదంతా కాగితం మీద వేసి చూపించాను. ఆయన గుంటూరు జిల్లాలో శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యారు. కాగితం కాసేపు చూసి, "మనకి ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు సెస్సు. 1960 చట్టం. ఎవర్నీ అడగక్కర్లేదు" అన్నారు. ఆ తర్వాత వాక్యం ఆయన చెప్పలేదు, నాకు తెలుసు కాబట్టి. ఆ ఎనిమిది పైసలు వసూలు చేసిన మునిసిపాలిటీ దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకి కట్టాలి. మా ఊళ్లో ఏళ్ల తరబడి కట్టేది కాదు. పేపర్ల ఏజెంటు బాకీ తీర్చలేక నాన్న జీతంలోంచి ఇచ్చిన నెలలు నాకు గుర్తున్నాయి. శుక్రవారం లైబ్రరీకి సెలవు, ఆ రోజే ఏజెంటు ఇంటికొచ్చేవాడు.

ఆగస్టు రెండో వారంలో చందాలు మొదలయ్యాయి. మొదటి చెక్కు మా ఎదురువీధి అన్నయ్యగారిది. ఆయన పిల్లలిద్దరూ మా పిల్లతో పాటు ఆ లైబ్రరీలోనే పెరిగారు. 116 డాలర్లు. చెక్కు మీద అంకె చూసి మా కమిటీ ఛైర్మన్, ఆవిడ రిటైరైన టీచరు, "నూట పదహారేమిటి? ఇదేమైనా లెక్కా?" అని అడిగింది. శుభానికి ఇచ్చేటప్పుడు సున్నాతో ముగించం అని చెప్పాను. ఆవిడకి ఎంత నచ్చిందో, తన చందా నూరు డాలర్లదాన్ని చింపేసి 116కి రాసింది.

నాలుగు రోజుల తర్వాత అన్నయ్యగారి చెక్కు వెనక్కిచ్చాను. ఆయన హెచ్-వన్ ఉద్యోగ వీసా మీద ఉన్నారు, సిటిజన్ కాదు. 2024లో ఒహాయోలో ఒక చట్టం వచ్చింది, బ్యాలెట్ మీది ప్రశ్నల ప్రచారానికి విదేశీయుల డబ్బు రాకూడదని. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లనీ విదేశీయుల్లోనే కలిపేశారు. దాని మీద కోర్టు కేసులు నడిచాయి. మాలాంటి చిన్న ఊరి లెవీకి అది ఎంతవరకూ పడుతుందో వాదించుకునే ఓపిక గానీ లాయరు ఫీజు గానీ మా దగ్గర లేదు. "సిటిజన్ల దగ్గరే తీసుకుందాం, టెన్షన్ ఉండదు" అనుకున్నాం. చెక్కు తీసుకుని వెళ్లి ఆయన గుమ్మంలో నిలబడ్డాను. చెప్పడానికి నోరు రాలేదు. ఆయన విని, "మరి ఆ 157 డాలర్లు కూడా నా దగ్గర తీసుకోరా అమ్మా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. వాళ్లావిడ నవ్వలేదు.

ఆ మాట నన్ను నవంబరు దాకా వదల్లేదు. ఎందుకంటే ఎలక్షన్ బోర్డు ఇచ్చే ఓటర్ల లిస్టు తెచ్చుకుని కూర్చున్నప్పుడు కనపడింది అదే. ఒహాయోలో ఆ లిస్టు ఎవరైనా తీసుకోవచ్చు. ఎవరికి ఓటేశారో ఉండదు గానీ ఏ ఎలక్షన్‌లో ఓటేశారో ఉంటుంది. మా కాలనీలో తెలుగిళ్లు 40కి పైనే. లిస్టులో తెలుగు ఇంటిపేర్లు 19. ఆ 19 మందిలో 2024 ప్రెసిడెంట్ ఎలక్షన్‌లో 15 మంది వేశారు. 2023 నవంబరులో వేసింది ఇద్దరు. లైబ్రరీలో ఆదివారం మధ్యాహ్నం కుర్చీ దొరకనివ్వని వాళ్లలో సగానికి ఓటు లేదు, ఓటున్న మిగతా సగం బేసి సంవత్సరం ఎలక్షన్‌కి రారు. తప్పకుండా వచ్చేది 65 దాటిన వాళ్లు. పన్ను బిల్లు చూసి గుండె పట్టుకునేదీ వాళ్లే.

సెప్టెంబరు 27న బతుకమ్మ జరిగింది స్కూలు జిమ్‌లో. పర్మిషన్ తీసుకుని ఓటరు రిజిస్ట్రేషన్ బల్ల ఒకటి వేశాను. ఓటరుగా నమోదుకి గడువు అక్టోబరు 6. మూడు గంటలు కూర్చుంటే 11 ఫారాలు వచ్చాయి. మిగతా వాళ్లంతా ఆగి, మాట్లాడి, "మాకింకా రాలేదండి" అని వెళ్లారు. ఒకాయన మాత్రం ప్లేటు చేత్తో పట్టుకునే, "పన్ను పెంచమని మనమే ఓటెయ్యాలా? మీకేమైనా మతి పోయిందా?" అన్నాడు. ఆయన కూతురు వెనక నుంచి, "నాన్నా, నా ఎస్ఏటీ పుస్తకాలన్నీ అక్కడివే" అంది. ఆయన ఫారం తీసుకోలేదు. ఆ పిల్లకి పద్దెనిమిది నిండాయట, తను నింపింది.

ఇళ్లకి తిరగడం అక్టోబరు 4న మొదలెట్టాం. ప్రతి శని, ఆది మూడు గంటలు. గంటకి పదహారు, పదిహేడు తలుపులు. సగం తలుపులు తెరుచుకోవు. గంట నొక్కితే కెమెరాలోంచి గొంతు వస్తుంది. నా ఇంగ్లిష్ వినగానే ఇద్దరు ముగ్గురు ఏదో అమ్మడానికి వచ్చాననుకుని వద్దన్నారు. మూడో రోజు నుంచి మా ఛైర్మన్ నన్ను నాన్నతో కలిపి పంపింది, "పెద్దాయన పక్కనుంటే తలుపు తీస్తారు" అని. నిజంగానే తీశారు. నాన్న స్వెట్టరు మీద మంకీ క్యాప్ పెట్టుకుని, చేతులు కట్టుకుని, ఒక్క మాట మాట్లాడకుండా నిలబడేవారు. అడిగితే "లైబ్రేరియన్. థర్టీ త్రీ ఇయర్స్" అనేవారు. ఆ నాలుగు మాటలు నా అరగంట ఉపన్యాసం కంటే బాగా పనిచేశాయని నా అనుమానం.

ప్రతి రెండో గుమ్మంలో ఒకటే ప్రశ్న: "మా ఇంటి విలువ అంత పెంచేశారు కదా, లైబ్రరీకి వచ్చే డబ్బు పెరగలేదా?" న్యాయమైన ప్రశ్నే. పక్కన ఫ్రాంక్లిన్ కౌంటీలో 2023లో మళ్లీ విలువ కట్టినప్పుడు (రీఅప్రైజల్) ఇళ్ల విలువలు సగటున 41 శాతం పెరిగాయి, మా వైపూ గట్టిగానే పెంచారు. జవాబు 1976లో వచ్చిన ఒక చట్టంలో ఉంది. అందరూ హౌస్ బిల్ 920 అంటారు. ఇళ్ల విలువ పెరిగితే ఇలాంటి ఓటు లెవీల రేటుని ఆ మేరకు తగ్గించేస్తారు, లెవీ పాసైన నాడు ఎంత వసూలైందో దాదాపు అంతే వస్తుంది. కొత్తగా కట్టిన ఇళ్ల వల్ల కాస్త కలుస్తుంది, అంతే. అంటే మా లైబ్రరీ పాత లెవీ వసూలు ఉన్నచోటే ఉంది, కరెంటు బిల్లూ, జీతాలూ, ఇ-పుస్తకాల లైసెన్సులూ ఈనాటి ధరలో ఉన్నాయి. గుమ్మంలో నిలబడి రెండు నిమిషాల్లో ఇది చెప్పి ఒప్పించడం నా వల్ల కాలేదు. "మరి నా బిల్లెందుకు పెరిగింది?" అంటారు వెంటనే. ఓటుతో సంబంధం లేని మిల్లులు కొన్ని ఉంటాయి, స్కూళ్లకి 20 మిల్లుల కంటే తగ్గించకూడదన్న నియమం ఉంది, వాటివల్ల. నేను అక్కడిదాకా వచ్చేసరికి వాళ్లు తలుపు మీద చెయ్యి వేసేస్తారు.

పక్కింటి పెద్దాయనకి 78. భార్య పోయి నాలుగేళ్లు. ఆయన పచ్చికలో 'నో మోర్ లెవీస్' బోర్డు, మా పచ్చికలో లైబ్రరీ బోర్డు, మధ్యలో ఒక మేపుల్ చెట్టు. ఒక సాయంత్రం ఆకులు ఊడుస్తూ ఆయనే కదిపారు. తన బిల్లు తెచ్చి చూపించారు. రెండేళ్లలో ఏడాదికి 900 డాలర్ల పైన పెరిగింది. "లైబ్రరీ అంటే నాకు కోపం లేదు. కాదనడానికి నాకు దొరికే పన్ను ఇదొక్కటే" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. బిల్లు చూస్తుంటే ఒకటి కనపడింది. 65 దాటి, ఆదాయం ఒక పరిమితి లోపు ఉన్నవాళ్లకి ఒహాయోలో ఇంటి పన్నులో హోమ్‌స్టెడ్ అనే తగ్గింపు ఉంటుంది. ఆయనకి అది పడలేదు, ఎప్పుడూ అప్లై చేయలేదట. ఆదాయం సరిపోయింది. ఆ వారమే ఫారం నింపి ఆడిటర్ ఆఫీసుకి పంపించాం. బోర్డు తీసేస్తారేమో అని మనసులో ఎక్కడో అనుకున్నాను. తీయలేదు.

ఇక నా తప్పు. పోస్టుకార్డులు 5,500 వేయించాం, ముద్రణ, తపాలా కలిపి 2,695 డాలర్లు. ప్రూఫ్ చూసింది నేనే. రాత్రి పదకొండుకి, ఆఫీసు పని అయ్యాక, ఫోన్‌లో చూసి ఓకే అన్నాను. అక్టోబరు 14న మొదటి విడత 1,800 కార్డులు పోస్టయ్యాయి. 16న ఒకావిడ ఫోన్ చేసి, "ఏడాదికి 35 డాలర్లే అని రాశారు, మా ఇంటికి 210 వస్తుంది, ఇది అబద్ధం కాదా?" అంది. కార్డు తీసి చూశాను. 'లక్ష డాలర్లకి' అన్న ముక్క చిత్తులో ఉంది, అచ్చులో లేదు. డిజైన్‌లో లైను సరిపోక ఎగిరిపోయింది. కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. ఆ సాయంత్రానికే కార్డు ఫొటో ఊళ్లో చక్కర్లు కొట్టింది, కింద 'అబద్ధాల కమిటీ' అని.

మిగతా 3,700 కార్డులు ప్రెస్సులోనే ఉన్నాయి. వాటి మీద ఆ ముక్క ఎర్ర ఇంకుతో మళ్లీ కొట్టించాం, పాపం ప్రెస్సాయన దానికి డబ్బు తీసుకోలేదు. వెళ్లిపోయిన 1,800 ఇళ్లకి మాత్రం క్షమాపణ కార్డు పంపాలి. 890 డాలర్లు. అకౌంట్లో అంత లేదు. 400 నేను వేశాను. ఇక్కడ ఇంకో చిక్కు. మన జేబులోంచి పెట్టినా అది చందాయే, పేరూ, అంకే, తేదీ అన్నీ రిపోర్టులో రాయాలి. కాబట్టి నా తప్పుకి నేను కట్టిన జరిమానా పబ్లిక్ రికార్డు. ఎలక్షన్‌కి 12 రోజుల ముందు, అక్టోబరు 23న ఆ రిపోర్టు ఇచ్చాను. ఆ వారమంతా సరిగా అన్నం తినలేదు. నాన్న ఒకరోజు అన్నారు, "అచ్చుతప్పులు చూడ్డానికి కాగితం కావాలమ్మా. ఫోన్లో దొరకవు." ముందు చెప్పుంటే ఎంత బాగుండేది.

ముందస్తు ఓటింగ్ అక్టోబరు 7 నుంచే తెరిచారు, కౌంటీకంతా ఒకే చోట. నేను మాత్రం పోలింగ్ రోజే వేస్తానని పట్టుబట్టాను, మొదటి ఓటు కదా. నవంబరు 4 పొద్దున ఆరున్నరకి మా చర్చి హాలు ముందు లైన్లో నాలుగోదాన్ని. ఫొటో ఐడీ చూపించి కాగితం తీసుకున్నాను. పైన అభ్యర్థుల పేర్లు, స్కూల్ బోర్డు, టౌన్‌షిప్, అన్నీ అయ్యాక వెనకవైపు కింద మా లెవీ. 'ఫర్ ద ట్యాక్స్ లెవీ', 'అగెయిన్‌స్ట్ ద ట్యాక్స్ లెవీ', రెండు గుండ్రాలు. అయిదు నెలలు తిరిగిన పని రెండు సెకన్లలో నింపేశాను.

మిగతా రోజంతా బయట. తలుపు నుంచి 100 అడుగుల దూరంలో రెండు చిన్న అమెరికా జెండాలు గుచ్చుతారు, వాటిని దాటి లోపలికి ప్రచారం చేయకూడదు. జెండా పక్కనే నేను, అవతలి పక్క లెవీ వద్దనే ఇంకో ఆవిడ. ఫ్లాస్కులో అల్లం టీ తెచ్చుకున్నాను. పదింటికి ఆవిడ చేతులు వణకడం చూసి ఒక కప్పు ఇచ్చాను. మధ్యాహ్నం తన కుర్చీ నాకిచ్చింది. పన్నుల గురించి మేమిద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. ఏడున్నరకి పోలింగ్ ముగిసేదాకా అక్కడే ఉన్నాను, వేళ్లు మొద్దుబారిపోయాయి.

రాత్రి మా ఇంట్లోనే కూర్చున్నాం, తొమ్మిదిమంది. ఉప్మా చేశాను. ఎనిమిదింటికి ముందస్తు ఓట్లు వచ్చాయి, 200 ఓట్లు ముందున్నాం. తొమ్మిదికి 90. పదింటికి సమానం. పదకొండు దాటాక అన్ని ప్రిసింక్టుల (పోలింగ్ ప్రాంతాల) లెక్కా అయిపోయింది: కావాలని 4,212, వద్దని 4,241. 29 ఓట్లతో ఓడిపోయాం. ఎవరూ మాట్లాడలేదు. ఆ పోస్టుకార్డు గురించి ఎవరూ అనలేదు, కానీ నాకు గదిలో కనపడేది అదొక్కటే.

మా ఛైర్మన్ మాత్రం కోటు వేసుకుంటూ, "ఇది లెక్క కాదు, లెక్కలో సగం" అని వెళ్లింది. నాకు తెలియని సంగతి అది. ఆ రాత్రి చెప్పేవి అనధికార ఫలితాలు. అప్పటి నియమం ప్రకారం, ఎలక్షన్ ముందు రోజు లోపు పోస్టు ముద్ర పడి, ఎలక్షన్ తర్వాత నాలుగు రోజుల్లో అందిన పోస్టల్ ఓట్లు కూడా లెక్కించాల్సి ఉండేది. ఐడీ లేక, అడ్రసు మారి ప్రొవిజనల్ ఓటు వేసినవాళ్లకి కాగితాలు చూపించడానికి నాలుగు రోజులు గడువు. అవన్నీ పరిశీలించి కలిపి సర్టిఫై చేయడానికి రెండు మూడు వారాలు. నవంబరు 4 నుంచి 21 దాకా 17 రోజులు. ఆ 17 రోజుల్లో నేను ఎలక్షన్ బోర్డు వెబ్‌సైటు ఎన్నిసార్లు తెరిచానో చెబితే నవ్వుతారు. ఏమీ మారదు అందులో, ఊరికే తెరవడం. లైబ్రరీకి వెళ్లడం మానేశాను, అక్కడి వాళ్ల మొహం చూడలేక. నాన్న రోజూ వెళ్లి హిందూ పేపరు పాతది దొరికితే చదువుకుని వచ్చేవారు.

నవంబరు 21 మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఛైర్మన్ మెసేజ్ పెట్టింది: 4,301, 4,293. ఎనిమిది ఓట్లతో గెలిచాం. చివర్లో వచ్చిన 141 ఓట్లలో 89 మనవి. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. అయిదు నిమిషాలకే ఇంకో మెసేజ్: రీకౌంట్. తేడా సగం శాతం లోపు ఉంటే ఎవరూ అడగక్కర్లేదు, దానంతట అదే జరుగుతుంది. మా ఓట్లకి సగం శాతమంటే దాదాపు 43. మాకున్నవి ఎనిమిది. థాంక్స్‌గివింగ్ సెలవులు మధ్యలో పడ్డాయి. ఆ టర్కీ ఎలా తిన్నామో!

డిసెంబరు 1, సోమవారం. పరిశీలకురాలిగా నా పేరు ఇచ్చారు. ఆఫీసుకి సెలవు, ఈ వ్యవహారంలో అది మూడోది. గదిలో పొడవాటి బల్లలు, ఒక్కో బల్లకి ఇద్దరు, ఒకరు రిపబ్లికన్, ఒకరు డెమొక్రాట్. మేము ముట్టుకోకూడదు, చూడొచ్చు. ముందు కొన్ని ప్రిసింక్టుల ఓట్లు చేత్తో లెక్కపెట్టి, మెషీన్ లెక్కతో సరిచూసి, ఆ తర్వాత అన్నీ మళ్లీ మెషీన్లో వేస్తారు. చేత్తో లెక్కపెట్టే కట్టలో ఒక కాగితం దగ్గర ఆగారు. గుండ్రం నింపలేదు, 'ఫర్' పక్కన పెన్సిల్‌తో సన్నగా ఒక ఇంటూ గుర్తు. మెషీన్ దాన్ని చదవలేదు. ఇద్దరూ దీపం కిందకి వంగి చూశారు, ఇంకో ఇద్దర్ని పిలిచారు, నలుగురూ తలూపారు. తొమ్మిది. పెన్సిల్ పట్టుకున్న చెయ్యి వణికే వయసుదని ఆ గీత చూస్తే తెలుస్తోంది. ఎవరో తెలుసుకునే దారి లేదు.

సాయంత్రం నాలుగుకి ముగిసింది: 4,302, 4,293. ఆ షీటు మీద ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ చదవలేదు గానీ నేను రాసుకున్నాను. ఓటేయడానికి వచ్చి, ఈ ప్రశ్న దగ్గర ఏదీ నింపకుండా వదిలేసినవాళ్లు 371 మంది. కాగితం వెనక్కి తిప్పలేదేమో.

ఇంటికొచ్చి నాన్నకి చెబితే, "తొమ్మిదా? మన పేపర్ల బల్ల దగ్గర కూర్చునేవాళ్లు తొమ్మిది మంది" అన్నారు. ఆ తర్వాతి వారం ఆయన ఇండియా వెళ్లారు. లైబ్రరీ వాళ్లు పాత పుస్తకాల అమ్మకంలో ఒక సంచీ నిండా ఉచితంగా ఇచ్చారు. సూట్‌కేసు 23 కిలోలు దాటి, మూడు పుస్తకాలు ఎయిర్‌పోర్టులో నా చేతికే వచ్చాయి.

డిసెంబరు 12న ఆఖరి రిపోర్టు ఇచ్చాను. మొత్తం వసూలు 5,380 డాలర్లు. బోర్డులు 300కి 1,410, పోస్టుకార్డులు 2,695, క్షమాపణ కార్డులు 890, బ్యాంకు చార్జీలు, వెబ్‌సైటు, టేపు, తీగలు వగైరా 344. మిగిలింది 41. నా బూట్లు, పెట్రోలు ఇందులో లేవు. జనవరిలో మొదటి విడత పన్ను బిల్లు వచ్చింది, కొత్త లెవీతో సహా. పక్కింటాయన బిల్లులో హోమ్‌స్టెడ్ తగ్గింపు పడింది. ఆ కాగితం చూపించడానికి మంచులో నడుచుకుంటూ వచ్చారు. తగ్గింది లైబ్రరీ లెవీ వల్ల పెరిగిందానికంటే ఎక్కువే. "అయినా నేను వద్దనే వేశాను" అని నవ్వి వెళ్లారు.

సంక్రాంతికి అన్నయ్యగారింటికి అరిసెలు తీసుకెళ్లాను. ఫ్రిజ్ తలుపు మీద, పిల్లల బొమ్మల మధ్య, మాగ్నెట్ కింద ఆ 116 డాలర్ల చెక్కు అలాగే ఉంది. నేను చూడటం చూసి, "అయిదేళ్లకి మళ్లీ ఓటుంటుంది అన్నావు కదమ్మా, అప్పటికి ఉంచాను" అన్నారు. ఆయన గ్రీన్ కార్డు క్యూ తేదీ 2016. నవంబరులో ఇండియా వాళ్లకి 2013 నడిచింది. వేళ్లు మడిచి లెక్కేస్తుంటే వాళ్లావిడ వంటింట్లోంచి, "ఆ లెక్క ఇప్పుడెందుకండీ, అరిసె తినండి" అంది.